1965 టాప్స్ ఫుట్‌బాల్ సెట్: నేమత్ ఒక్కడి కోసమే కొనకండి

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్. 1965లో టాప్స్ కంపెనీ బబుల్ గమ్‌తో కలిపి ప్యాకెట్లలో అమ్మిన, ఆటగాళ్ళ బొమ్మలున్న 176 కార్డుల సెట్ ఇది. పాత కార్డులు పోగేసేవాళ్ళలో దీని పేరు వినని వాళ్ళు ఉండరు. అందుకు కారణం 122వ నంబరు కార్డు, న్యూయార్క్ జెట్స్ తార జో నేమత్ రూకీ, అంటే ఆయన మొదటి కార్డు. కార్డ్ షోలో ఈ సెట్ పేరెత్తగానే అమ్మేవాళ్ళ చెయ్యి నేరుగా గాజుపెట్టెలో ఉన్న నేమత్ మీదికే వెళ్తుంది. మిగతా 175 కార్డులు బల్ల కింద అట్టపెట్టెలో పడి ఉంటాయి. మా లెక్క వేరు. నేమత్ లేకపోయినా ఈ సెట్ కొనదగ్గదే. నేమత్‌ను మాత్రమే కొంటే బోలెడంత డబ్బు పోసి, ఈ సెట్‌లో ఉన్న అసలు సరుకును వదిలేసినట్టే.

అసలు సరుకు అంటే ఏఎఫ్ఎల్. 1964 నుంచి 1967 దాకా, పాత లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ళ కార్డులు వేసింది ఫిలడెల్ఫియా గమ్ కంపెనీ. టాప్స్ చేతిలో మిగిలింది 1960లో పోటీగా పుట్టిన అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ (ఏఎఫ్ఎల్). అందుకే ఇందులో ఎన్ఎఫ్ఎల్ తారలు జిమ్ బ్రౌన్ లేడు, జానీ యునైటస్ లేడు. బోస్టన్ పేట్రియట్స్, బఫెలో బిల్స్, డెన్వర్ బ్రాంకోస్, హ్యూస్టన్ ఆయిలర్స్, కాన్సస్ సిటీ చీఫ్స్, న్యూయార్క్ జెట్స్, ఓక్లాండ్ రైడర్స్, శాన్ డియెగో చార్జర్స్, ఈ ఎనిమిది జట్లే ఉన్నాయి. కార్డుల నంబర్లు కూడా ఈ అక్షరక్రమంలోనే జట్ల వారీగా నడుస్తాయి కాబట్టి, కొంచెం అలవాటైతే నంబరు చూసి జట్టు చెప్పేయొచ్చు. డల్లాస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనోల్లో ఉంటూ డల్లాస్ కౌబాయ్స్ జెండా పట్టుకునే మనవాళ్ళకు ఒక సంగతి. ఇవాళ్టి చీఫ్స్ మొదట్లో డల్లాస్ జట్టే. ఈ లీగ్ పుట్టుకకు మూలపురుషుడైన లమార్ హంట్ దాన్ని టెక్సన్స్ పేరుతో మూడు సీజన్లు డల్లాస్‌లో నడిపి, 1963లో కాన్సస్ సిటీకి తరలించాడు.

ఇక కార్డు సంగతి. మామూలు కార్డు రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు ఉంటుంది. ఇది వెడల్పులో అంతే గానీ పొడవు 4 11/16 అంగుళాలు, అంటే సుమారు 119 మిల్లీమీటర్లు. సేకరించేవాళ్ళు వీటిని ‘టాల్ బాయ్స్’ అంటారు. వెనక దృశ్యం ఏమీ ఉండదు. ఒకే గాఢమైన రంగు మీద ఆటగాడి బొమ్మ, పైన పెద్ద అక్షరాల్లో జట్టు పేరు, కింద ఆటగాడి పేరు, ఆడే స్థానం. కార్డు వెనకవైపు అడ్డంగా చదవాలి. ఎడమ పక్క గణాంకాలు, కుడి పక్క ఆ ఆటగాడి గురించిన చిన్న కార్టూను. రంగుల విషయంలో 1960ల టాప్స్ ఫుట్‌బాల్ సెట్లలో దీన్ని కొట్టేది లేదు. మరుసటి ఏడాది వచ్చిన 132 కార్డుల సెట్‌లో చెక్కరంగు టీవీ పెట్టెలో బొమ్మ ఇరికించినట్టు చేశారు. పక్కపక్కన పెడితే అది వెలవెలబోతుంది.

అందం ఎక్కడుందో చిక్కూ అక్కడే ఉంది. ఒకే రంగు పరుచుకున్న నేపథ్యం మీద ముద్రణలో పడిన ప్రతి చుక్కా, ప్రతి గీతా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పొడవు ఎక్కువ కావడంతో చొక్కా జేబులో పట్టేది కాదు, మామూలు కార్డుల కట్టలో ఇమిడేది కాదు. పిల్లలు మధ్యకు మడిచారు, రబ్బరు బ్యాండు వేశారు, కొందరైతే మిగతా కార్డుల సైజుకు వచ్చేలా కత్తెరతో కత్తిరించారు. అందుకే ఈ సెట్‌లో దొరికే నలిగిన కార్డుల్లో నడిమికి అడ్డంగా మడత, పక్క అంచుల మీద రబ్బరు బ్యాండు కోసిన గాట్లు తరచూ ఎదురవుతాయి. కట్టకు పైనా కిందా ఉండేవి కాబట్టి 1వ నంబరు, 176వ నంబరు మరీ నలిగిపోయి దొరుకుతాయి.

176కు ఇంకో దెబ్బ కూడా ఉంది. అది చెక్‌లిస్టు, అంటే సెట్‌లోని కార్డుల జాబితా. 87 కూడా చెక్‌లిస్టే. దగ్గరున్న కార్డులకు పిల్లలు పెన్సిలుతోనో పెన్నుతోనో టిక్కులు పెట్టుకోవడానికే వాటిని వేశారు, పిల్లలూ శ్రద్ధగా పెట్టుకున్నారు. టిక్కు లేని చెక్‌లిస్టుకు పేరున్న ఆటగాడి కార్డుతో సమానమైన ధర పలుకుతుంది. ఇక్కడ మోసం ఎలా జరుగుతుందంటే, పెన్సిలు గుర్తుల్ని రబ్బరుతో తుడిచి ‘శుభ్రమైన’ కార్డుగా అమ్ముతారు. తుడిచినచోట కాగితం నునుపు పోయి, దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే మసకగా కనిపిస్తుంది. పెన్సిలు మొన నొక్కిన గుంట అలాగే ఉంటుంది. చెక్‌లిస్టు కొనేటప్పుడు టిక్కు పెట్టే గడులను ఒక్కొక్కటిగా చూడాలి, ఓపిక లేకపోతే టిక్కులున్నదే చవగ్గా కొనుక్కోవడం మంచిది.

ఏటవాలు వెలుతురు అన్ని కార్డులకూ అవసరమే. స్కానర్ వెలుతురు సూటిగా పడుతుంది కాబట్టి సన్నటి ముడతలు అందులో దొరకవు. ఆన్‌లైన్‌లో స్కాన్ మాత్రమే పెట్టిన అమ్మకందారును కిటికీ పక్కన కార్డు వంచి పట్టుకుని తీసిన ఫొటో అడగండి. ఇవ్వకపోతే ముడత ఉందనే అనుకుని ధర కట్టండి. వెనకవైపు అంటుకున్న మైనం మరక మరో మామూలు లోపం. ప్యాకెట్ కాగితానికి పూసిన మైనం పై కార్డుకో కింది కార్డుకో అంటుకునేది. ముందువైపు ఉన్న మైనాన్ని నైలాన్ మేజోడుతో మెల్లగా రుద్దితే వస్తుంది. వెనకవైపు కాగితానికి మెరుపు పూత లేదు కాబట్టి మైనం లోపలికి ఇంకి ఉంటుంది. అక్కడ రుద్దితే కాగితం పోగులు లేస్తాయే తప్ప మరక పోదు.

ధరల పుస్తకాల్లో ఈ సెట్ కార్డుల పక్కన ‘ఎస్‌పీ’ అని ఉంటుంది. తక్కువ సంఖ్యలో అచ్చయిన కార్డు అని అర్థం. పొడుగు సైజు వల్ల మామూలు పద్ధతిలో అచ్చు వేయలేదు కాబట్టి కొన్ని కార్డులు ఎక్కువగా, మిగతావి తక్కువగా పడ్డాయి. అయితే సెట్‌లో సగానికి పైగా కార్డులకు ఈ ముద్ర ఉంది. సగం మందికి పైగా ఇచ్చిన బిరుదుకు విలువెంత? ‘అరుదైన ఎస్‌పీ’ అంటూ సాదా ఆటగాడి కార్డుకు రెండింతల ధర చెబితే నవ్వి పక్క బల్ల దగ్గరికి వెళ్ళండి.

ఇప్పుడు ఆటగాళ్ళు. ఈ సెట్‌కు మా ఓటు వీళ్ళ వల్లే. పాత లీగ్ వద్దని పంపేసినవాళ్ళు, చిన్నచూపు చూసినవాళ్ళు, ఎవరూ పిలవనివాళ్ళు ఒకేచోట ఇంతమంది కనిపించే సెట్ ఇంకోటి లేదు.

35వ నంబరు జాక్ కెంప్, బఫెలో క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టును నడిపిస్తూ బంతి విసిరేవాడు. 1962లో వేలికి గాయమైనప్పుడు శాన్ డియెగో ఆయన్ను వేవర్స్ జాబితాలో (వేరే జట్లు తీసుకోవచ్చని వదిలే జాబితాలో) పెడితే బఫెలో వంద డాలర్లకు ఎగరేసుకుపోయింది. 1964 ఫైనల్లో అదే శాన్ డియెగోను 20–7తో, 1965లో 23–0తో ఓడించి బఫెలో రెండుసార్లు చాంపియన్ అయింది. ఆట మానేశాక కెంప్ కాంగ్రెస్ సభ్యుడయ్యాడు, కేంద్రంలో గృహనిర్మాణ శాఖ చూశాడు, 1996లో బాబ్ డోల్‌తో కలిసి ఉపాధ్యక్ష పదవికి పోటీ చేశాడు. రాజకీయ వస్తువులు సేకరించేవాళ్ళూ ఈ కార్డు కోసం ఎగబడతారు కాబట్టి దీని ధర ఎప్పుడూ ఓ మెట్టు పైనే ఉంటుంది.

69వ నంబరు జార్జ్ బ్లాండా, హ్యూస్టన్. 1959లో ఎన్ఎఫ్ఎల్‌లో ఆయన పని అయిపోయిందనుకున్నారు. కొత్త లీగ్ రాగానే తిరిగొచ్చి, 1961లో 36 టచ్‌డౌన్ పాసులు (నేరుగా స్కోరు తెచ్చే పాసులు) విసిరాడు. మొత్తం 26 సీజన్లు, 48 ఏళ్ళ వయసు దాకా ఆడాడు. ఈ కార్డు వచ్చేనాటికి ముసలివాడని అనిపించుకుంటున్నవాడు ఇంకో పదేళ్ళు మైదానం వదల్లేదు.

121వ నంబరు డాన్ మేనార్డ్. న్యూయార్క్ జయంట్స్ వదిలేసిన వైడ్ రిసీవర్. జెట్స్ టైటన్స్‌గా ఉన్న రోజుల్లో మొదటగా సంతకం చేయించుకున్న ఆటగాడు ఆయనే. క్యాచ్‌ల మీద పదివేల గజాలు దాటిన మొదటి ఆటగాడూ ఆయనే. సెట్‌లో ఆయన పక్క నంబరే నేమత్‌ది. బంతి విసిరేవాడు, పట్టేవాడు ఆల్బమ్‌లో కూడా పక్కపక్కనే కూర్చుంటారు. టాప్స్ కావాలని చేసిందో లేదో గానీ కుదిరింది.

145వ నంబరు జిమ్ ఒట్టో, ఓక్లాండ్ సెంటర్, అంటే ముందు వరస మధ్యలో నిలిచేవాడు. ఆ స్థానానికి బక్కవాడని ఎన్ఎఫ్ఎల్‌లో ఎవరూ తీసుకోలేదు. 1960 నుంచి 1974 దాకా వరసగా 210 ఆటల్లో మొదటి నుంచీ మైదానంలో ఉన్నాడు. దానికి ఒళ్ళు కట్టిన మూల్యం డెబ్భై పైచిలుకు శస్త్రచికిత్సలు, చివరికి ఒక కాలు. 46వ నంబరు విల్లీ బ్రౌన్ రూకీ కార్డు. డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) ఎవరూ ఎంచుకోలేదు, హ్యూస్టన్ శిబిరం నుంచి పంపేసింది, డెన్వర్ చేరదీసింది. ఈ కార్డు మీద డెన్వర్ ఆటగాడిగానే ఉన్నాడు. 1967లో రైడర్స్‌కు వెళ్ళి, పదకొండో సూపర్ బౌల్‌లో (సీజన్ చివరి ఫైనల్లో) ఎదుటివాళ్ళ పాసు లాక్కుని 75 గజాలు పరిగెత్తాడు. అదే ఆటలో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచిన ఫ్రెడ్ బిలెట్నికాఫ్ రూకీ కూడా ఇక్కడే ఉంది, 133వ నంబరు. నేమత్ తర్వాత డబ్బు పెట్టదగ్గ కార్డులు ఈ రెండే. నేమత్ ధరలో చిన్న భాగానికే హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే మేటి ఆటగాళ్ళ గౌరవ జాబితాలో ఉన్న ఇద్దరి మొదటి కార్డులు వస్తాయి. రైడర్స్ అభిమానులు మాత్రం ఈ రెంటినీ బజారులో నిలవనివ్వరు.

155వ నంబరు శాన్ డియెగో రిసీవర్ లాన్స్ ఆల్వర్త్ వీళ్ళకు భిన్నం. ఆయన కోసం రెండు లీగులూ పోటీపడ్డాయి. ఏఎఫ్ఎల్ ఆటగాళ్ళలో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి అడుగుపెట్టిన మొదటివాడు, 1978లో. 99వ నంబరు, కాన్సస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ లెన్ డాసన్ గురించి చీఫ్స్ అభిమానులకు వేరే చెప్పక్కర్లేదు.

ఈ కార్డులు అమ్మిన ఏడాది మొదట్లోనే ఇంకొకటి జరిగింది. 1965 జనవరిలో ఆల్‌స్టార్ ఆట కోసం న్యూ ఆర్లియన్స్ చేరిన నల్లజాతి ఆటగాళ్ళను టాక్సీలు ఎక్కించుకోలేదు, క్లబ్బులు లోపలికి రానివ్వలేదు. వాళ్ళు ఆడబోమని తేల్చి చెప్పారు, లీగ్ ఆ ఆటను హ్యూస్టన్‌కు మార్చింది. అట్ట వెనక గణాంకాల్లో ఇదేమీ ఉండదు. ఆటగాళ్ళ వివరాలు వెతుక్కుంటూ సెట్ కట్టేవాళ్ళకు మాత్రం ఎక్కడో ఒకచోట తగులుతుంది.

ఇక నేమత్. 1965 డ్రాఫ్ట్‌లో ఎన్ఎఫ్ఎల్ తరఫున సెయింట్ లూయిస్, ఏఎఫ్ఎల్ తరఫున జెట్స్ ఆయన్ను ఎంచుకున్నాయి. జెట్స్ 4,27,000 డాలర్లకు ఒప్పందం చేసుకుంది. అందులో ఒక లింకన్ కాంటినెంటల్ కారు కూడా ఉంది. అంత డబ్బు ఎక్కడిదంటే, 1964లో ఎన్‌బీసీ ఏఎఫ్ఎల్‌తో కుదుర్చుకున్న ఐదేళ్ళ, 3.6 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందం నుంచి. 1967లో ఒకే సీజన్లో నాలుగు వేల గజాల పాసులు విసిరిన మొదటి క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. 1969 జనవరి 12న మూడో సూపర్ బౌల్‌లో, తామే గెలుస్తామని ముందే మాటిచ్చి మరీ, బాల్టిమోర్ కోల్ట్స్‌ను 16–7తో ఓడించాడు. ఆ గెలుపుతోనే ఏఎఫ్ఎల్‌ను అందరూ లెక్కలోకి తీసుకున్నారు. కార్డు ధర ఊరికే పెరగలేదన్నమాట.

కొనేటప్పుడు నియమం ఒక్కటే: నేమత్‌ను పీఎస్ఏ, ఎస్‌జీసీ, బెకెట్ లాంటి గుర్తింపున్న గ్రేడింగ్ సంస్థ (కార్డు అసలుదో కాదో చూసి, స్థితికి మార్కు వేసి ప్లాస్టిక్ డబ్బీలో మూసి ఇచ్చే సంస్థ) డబ్బీలోనే కొనండి. మిగతా 175లో డబ్బీ అవసరమైనవి పెద్దగా లేవు. నేమత్‌కు నకిలీలు, ‘రీప్రింట్’ అన్న అచ్చును గీకేసి టీ డికాక్షన్‌లో ముంచి పాతబరిచినవి కొల్లలుగా తిరుగుతున్నాయి. విడిగా ఉన్న కార్డే చూడాల్సివస్తే పదింతల భూతద్దం తీసుకుని పేరు అక్షరాలు చూడండి. అసలు కార్డులో నల్ల అక్షరం నిండుగా, అంచు తెగినట్టు ఉంటుంది. స్కాన్ చేసి అచ్చేసిన దాంట్లో అక్షరం కూడా రంగుచుక్కలుగా విడిపోతుంది. తర్వాత అదే సెట్‌లోని చవక కార్డు ఒకటి పక్కన పెట్టి రెంటి మీదా అతినీల (యూవీ) దీపం వేయండి. ఒకటి వెలవెలబోతూ, రెండోది తెల్లగా మెరిస్తే ఆ రెండూ ఒకే కాలపు కాగితం కావు. ఈ పరీక్ష కోసమైనా చవక కార్డు ఒకటి జేబులో ఉంచుకోవాలి.

అరిగిన అంచును కోసేసి కొత్తదానిలా అమ్మే కత్తిరింపును పట్టుకోవడం కాస్త కష్టం. ఫ్యాక్టరీ కోతలోనే పిసరంత తేడాలుంటాయి కాబట్టి స్కేలు ఒక్కదాన్నే నమ్మకూడదు. అంచును చూడాలి. అరవై ఏళ్ళ కార్డు నాలుగు పక్కలా ఒకేలా మాసి, కాస్త పీచుగా ఉంటుంది. మూడు పక్కలు మాసి, నాలుగో పక్క తెల్లగా, కత్తిలా ఉంటే ఎవరో ఈమధ్యే కోశారు. ఒంటి మీద ముడతలుండి మూలలు మాత్రం సూదుల్లా ఉన్నా అంతే. నేమత్ కార్డుల్లో కొన్నింటిమీద సీతాకోకచిలుక ఆకారంలో తెల్లటి అచ్చు మచ్చ ఉంటుంది, ‘బటర్‌ఫ్లై’ పేరుతో అమ్ముతారు. దాన్ని లోపమనుకుని భయపడక్కర్లేదు, అదొక వింత అనుకుని ఎక్కువా పెట్టక్కర్లేదు.

డబ్బీ మీద అంకె (1 నుంచి 10 దాకా ఉండే మార్కు) పక్కన అక్షరాలుంటే అవీ చదవండి. పీఎస్ఏ ‘ఓసీ’ అంటే బొమ్మ మధ్యలో లేదు, ‘ఎంకే’ అంటే రాత ఉంది, ‘ఎస్‌టీ’ అంటే మరక, ‘పీడీ’ అంటే అచ్చు లోపం. బొమ్మ మధ్యలో ఉందా లేదా అన్నది మీరే కొలుచుకోవచ్చు. ఎడమ మార్జిన్ 3 మిల్లీమీటర్లు, కుడి 2 అయితే 60/40. ఎడమ 3, కుడి 1 అయితే 75/25. పీఎస్ఏ లెక్కలో ముందువైపు 65/35 వరకు 8కి, 70/30 వరకు 7కి సరిపోతుంది. 7 ఓసీ కన్నా చక్కగా మధ్యలో ఉన్న 5 చూడముచ్చటగా ఉంటుంది, తర్వాత అమ్ముకోవడమూ తేలిక.

సెట్ మొత్తానికి మా సలహా 4–5 స్థాయి. మూలలు కాస్త అరిగి, మడత లేకుండా, రంగు నిండుగా ఉన్నవి. 7కి ఎగబాకితే ధర నిట్టనిలువుగా లేస్తుంది. గోడకు తగిలించిన పొడుగు కార్డును రెండడుగుల దూరంలో నిలబడి చూసినప్పుడు కలిగే ఆనందం 5కి, 7కి పెద్దగా మారదు. క్రమం కూడా ముఖ్యం. నలభై, యాభై సాదా కార్డులు ఒకే లాటుగా కొనండి. విడివిడిగా కొంటే తపాలా ఖర్చే కార్డు ధరను మించిపోతుంది. లాటులో వచ్చిన రెండో ప్రతుల్ని మార్పిడికి ఉంచుకోండి. ఆ తర్వాత రెండు చెక్‌లిస్టులు, 1వ నంబరు. వీటిని చివరికి వదిలేస్తే తొందరలో చెత్త కార్డుకు ఎక్కువ పెట్టాల్సివస్తుంది. నేమత్‌ను మొదట్లోనే కొనాలా, చివర్లోనా అన్నదాని మీద వాదనలున్నాయి. మా ఓటు మొదట్లోనే. సాదా కార్డులు ఎప్పుడైనా దొరుకుతాయి, నేమత్ ధర మీ పొదుపు కోసం ఆగదు. అంత స్తోమత లేకపోతే 175 కార్డుల సెట్ అని ముందే అనుకుని హాయిగా కట్టుకోండి. 1966 సెట్‌లోని 96వ నంబరు నేమత్ మామూలు సైజు కార్డు, ధర చాలా తక్కువ. పక్కన పెట్టుకోవడానికి అది చాలు.

ప్యాకెట్లలో కార్డులతోపాటు రుద్దితే బొమ్మ దిగే 36 రకాల ‘మ్యాజిక్ రబ్ ఆఫ్’ కాగితాలు కూడా వచ్చేవి, ఏఎఫ్ఎల్ జట్లవి, కాలేజీ జట్లవి. పిల్లలు వాడకుండా మిగిల్చినవి తక్కువ. సెట్‌లో భాగం కావు, తర్వాత చూసుకోవచ్చు.

భద్రపరచడంలో అందరూ చేసే తప్పు మామూలు స్లీవ్ (పల్చటి ప్లాస్టిక్ తొడుగు) వాడటం. కార్డు అంగుళం పైకి పొడుచుకువచ్చి పై మూలలు వంగిపోతాయి. ‘టాల్ బాయ్’ అని రాసి ఉన్న స్లీవులు, టాప్‌లోడర్లు (గట్టి ప్లాస్టిక్ తొడుగులు) విడిగా దొరుకుతాయి. 1969–70 టాప్స్ బాస్కెట్‌బాల్ కార్డులదీ ఇదే సైజు కాబట్టి దుకాణంలో ఆ పేరుతో అడిగినా ఇస్తారు. ఆల్బమ్ కావాలంటే ఆరు అరల పేజీలు తీసుకోండి, 176 కార్డులకు 30 పేజీలు పడతాయి. కార్డు వెడల్పుకు అర దాదాపు సరిసమానం, బిగుతుగా ఉంటుంది. స్లీవుతో సహా తొయ్యబోతే మూల నలుగుతుంది కాబట్టి పేజీలో పెట్టేవాటికి స్లీవ్ వద్దు. పీవీసీ వాసన కొట్టే పాత ఆల్బమ్‌లను దగ్గరికి రానివ్వకండి, వాటిలోంచి ఊరే జిడ్డు రంగును పట్టేస్తుంది. విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్ళకు తెచ్చుకుంటే పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో రెండు వారాలకోసారి మార్చండి. పొడుగు కార్డు తేమకు పొట్టిదానికన్నా త్వరగా వంపు తిరుగుతుంది. వంపు తిరిగిందని బరువైన పుస్తకం కింద పెట్టకండి, ముడత పడేది అప్పుడే. టాప్‌లోడర్‌లో పెట్టి పొడిగదిలో ఉంచితే కొన్ని వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది.